ఇమ్దీనా సింహద్వారం

బస్సులో ఫోన్ చూసుకుంటూ స్టాప్ దాటేశాను. పక్కూరు రబాత్‌లో దిగి, మాల్టా ఎండలో వెనక్కి నడిచొచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. గుర్రబ్బళ్ళు, లద్దె వాసన దాటితే కందకం మీద రాతి వంతెన, దానికవతల ఇమ్దీనా కోట గుమ్మం.

మనం కోట పెద్ద గుమ్మాన్ని సింహద్వారం అంటాం కదా, ఇక్కడ నిజంగానే వంతెన మొదట్లో రెండు రాతి సింహాలు డాలు పట్టుకుని కూర్చున్నాయి. డాలు మీద ఉన్నది అప్పట్లో మాల్టాను ఏలిన నైట్ల అధిపతి, గ్రాండ్ మాస్టర్ విల్యేనా చిహ్నం. ఆయన కోసం మోన్డియాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1724లో ఈ గుమ్మం కట్టాడు. జంట స్తంభాలు, పైన చెక్కడాలు, లాటిన్ శాసనం, అంతా బరోక్ అనే ఆడంబరమైన యూరప్ శైలి ఆర్భాటమే. శత్రువును ఆపడానికి కట్టిన గుమ్మంలా మాత్రం నాకు అనిపించలేదు, ఊరేగింపుగా వచ్చే దొరగారికి వేసిన పెళ్ళిపందిరిలా ఉంది.

అందుకు కారణం లేకపోలేదు. సెయింట్ జాన్ నైట్లు, అంటే క్రైస్తవ మతయోధులు, 1530లో వచ్చి సముద్రం పక్కనే ఉండిపోయారు, 1566లో కొత్త రాజధాని వలెట్టా మొదలుపెట్టాక కొండ మీది ఈ పాత రాజధానిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ, పైగా 1693 భూకంపం ఊరిని బాగా దెబ్బతీసింది. విల్యేనా వచ్చి గుమ్మం మార్చాడు, లోపల అడుగుపెట్టగానే కుడిపక్కన తన భవనమూ కట్టించుకున్నాడు. ఊరు ఎవరిదో గడప దగ్గరే చెప్పడమన్నమాట! గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూడండి, లోపలి వైపు పైన క్రైస్తవ పునీతులు సెయింట్ పాల్, పబ్లియస్, అగాథా శిల్పాలున్నాయి. చాలామంది చూడకుండానే వెళ్ళిపోతున్నారు.

అసలు కోట చూడాలంటే కందకంలోకి దిగాలి. ఇప్పుడది తోట. కింద నిలబడి తలెత్తితే గానీ బురుజుల ఎత్తు తెలియదు. గోడలో ఒకచోట పాత గుమ్మం మూసేసిన ఆనవాలు కనిపించింది, వంపు ఉంది కానీ దారి లేదు, రాళ్ళు పేర్చేశారు. వేలితో రాస్తే తేనెరంగు పొడి అంటుకుంది, అంత మెత్తటి సున్నపురాయి. ఆ నీడలో కూర్చుని సీసాలో మిగిలిన వేడినీళ్ళు తాగుతుంటే, పైన వంతెన మీద సింహం పక్కన ఫొటో కోసం జనం వరస కడుతున్నారు.