గుంపులో పరుగు

గ్రూపు రన్‌కి వెళ్లాలంటే మొదట్లో ఒకటే టెన్షన్, అందరికంటే వెనకబడిపోతానేమోనని. ఇవాళ కూడా వెనకే ఉన్నాను, కాకపోతే హాయిగా కబుర్లు చెప్పుకుంటూ. ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నామంటే ఈజీ రన్‌కి ఆ వేగం సరిపోయినట్టే. వాచీ చూసుకోనక్కర్లేదు, పక్కన ఒక వాగుడుకాయ ఉంటే చాలు. మా గ్రూపులో ఇద్దరున్నారు!

తారు వేసిన బాట కాబట్టి రాళ్లూ గుంతలూ చూసుకునే పని లేదు. కాంక్రీటు కన్నా తారు కాస్త మెత్తన కూడా. కానీ వాన నీళ్లు నిలవకుండా బాటని కొంచెం ఏటవాలుగా వేస్తారు. ఎక్కువ దూరం ఒకే అంచున పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, మోకాలో తుంటో గోల మొదలుపెడుతుంది. అందుకే జనం లేనిచోట నేను మధ్యకి జరిగిపోతాను.

నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే, నలుగురు పక్కపక్కన బాటంతా ఆక్రమించేయడం. నడిచేవాళ్లు, పిల్లలు, సైకిళ్లు, అందరిదీ కదా ఆ దారి. వెనక బెల్ మోగగానే చివరున్నవాళ్లు "సైకిల్!" అని అరవాలి, ఆ మాట ముందువాళ్ల దాకా నోటినోటా వెళ్లాలి, అందరూ ఒంటివరస కావాలి. ఇవాళ ఆ అరుపు డ్యూటీ నాది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఒకాయనకి మాత్రం వినపడలేదు, పాపం సైకిలతను గడ్డిలోకి దిగి వెళ్లాడు. వచ్చే వారం నుంచి గ్రూపు రన్‌లో ఇయర్‌ఫోన్స్ వద్దని అక్కడే తేల్చేశాం. ఆయన కాస్త ముఖం మాడ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.