కామెర్లు లేని అఫిడవిట్

నల్లగొండ, సెప్టెంబరు 3

ఈ రోజంతా ఒక్క అఫిడవిట్‌కే సరిపోయింది. 2021లో నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారిపై లారీ తగిలి కుడికాలు విరిగిన తాపీమేస్త్రీ తరఫున నేను వకీలుగా నడుపుతున్న పరిహారం కేసును, జూన్ 18న మా తరఫున ఎవరూ హాజరు కాలేదని ట్రిబ్యునల్ డిఫాల్ట్ కింద కొట్టేసింది. ఆ రోజు వాయిదా ఉన్నట్టు నాకు తెలియదు. కేసు కట్ట మీద నేను గీకిన 18-6లో ఆరు అచ్చం ఎనిమిదిలా ఉంది, డైరీలోకి అదే ఎక్కింది. ఆగస్టు 18న సాక్ష్యం అఫిడవిట్ పట్టుకుని వెళ్తే జాబితాలో మా నంబరే లేదు. అప్పటికి 61 రోజులు గడిచాయి. కేసును తిరిగి తెరిపించుకోవడానికి ఉన్న గడువు 30 రోజులు. ఆర్డరు నకలు తీసుకుని, మేస్త్రీని పిలిపించుకునేసరికి మరో 16 రోజులు పోయి, జాప్యం 47 రోజులకు చేరింది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ తర్వాత 2022 ఏప్రిల్ దాకా పరిహారం పిటిషన్‌కు గడువన్నదే లేదు; అలాంటి కేసులోనూ దాటడానికి నాకొక గడువు దొరికింది.

గడువు దాటిన పిటిషన్‌ను తీసుకోవడానికి కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ అడిగేది ‘తగిన కారణం’. మా కోర్టుల్లో ఆ కారణం పేరు చాలాసార్లు కామెర్లే. జాప్యం పిటిషన్లు వరుసగా చదివితే జిల్లా మొత్తం మంచం పట్టిందేమోననిపిస్తుంది. మా గుమస్తా కూడా పాత నమూనాలో పేరూ తేదీలూ మార్చి టైపు చేసి పెట్టాడు. మేస్త్రీ సంతకం పెట్టబోతూ కూడబలుక్కుని చదివి ఆగిపోయాడు.

“కామెర్లు నాకెప్పుడొచ్చినయి సారూ? రేపు బీమా కంపెనీ వకీలు ఏ దవాఖానల చూపించుకున్నవని అడిగితే ఏం చెప్పాలె?”

నా దగ్గర జవాబు లేదు. నా చేతిరాత చేసిన పనికి, ఆయన లేని జబ్బును ప్రమాణం చేసి ఒప్పుకోవాలి. వకీలు తప్పుకు కక్షిదారుడు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ కేసులో చెప్పింది. జాప్యంలో ప్రతి రోజుకూ లెక్క చెప్పాలనే మాటను మొండిగా పట్టుకోవద్దని 1987లో కాతిజీ కేసులో చెప్పింది. ఈ రెండూ వాదనలో ఎన్నోసార్లు వల్లించాను, ‘ఆ తప్పు నాదే’ అని మాత్రం ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు.

ఆ కాగితం చించేసి, మేస్త్రీ పేరున నాలుగు వాక్యాల అఫిడవిట్, దానికి తోడుగా నా పేరున ఇంకొకటి రాయించి, డైరీ పేజీ జిరాక్స్ జత చేశాను. నా సంతకాన్ని ధ్రువీకరించిన పక్క సీటు న్యాయవాది, “గింత పచ్చిగా రాసుకుంటవా అన్నా, రేపు నీ మీదికే రాదా?” అన్నాడు. రావచ్చు. సాయంత్రం నాలుగున్నరకు జాప్యాన్ని మన్నించమని ఒకటి, కేసును తిరిగి తెరవమని ఒకటి, రెండు పిటిషన్లూ ఫైలింగ్‌లో ఇచ్చాం. ముందు జాప్యం పిటిషన్ తేలాలి, రెండోదాని సంగతి ఆ తర్వాతే. టీ డబ్బులు నన్ను ఇవ్వనీయకుండా మేస్త్రీయే ఇచ్చాడు.