మరిది చూపించిన వీడియో

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టడం లేదు. మరిది భోజనానికి వచ్చాడంటే నా మనసులో ఏదో ఒకటి కెలికి వెళ్తాడని మీకు తెలిసిందే. ఈసారి ఫోనులో ఒక వీడియో. ఆకాశం నుంచి హైపర్‌సోనిక్ క్షిపణి, అంటే ధ్వని కన్నా అయిదు రెట్లకు మించిన వేగంతో పోయేది, నిప్పుగీతలా దిగుతుంది, అమెరికా విమానవాహక నౌక నడిమికి విరిగి మునిగిపోతుంది. అంతా కంప్యూటర్ బొమ్మే. "ఇక నౌకాదళాల పని అయిపోయింది వదినా. మాక్ 8, ధ్వనికి ఎనిమిది రెట్ల వేగం! ఏ కెప్టెన్ అయినా ఏం చేయగలడు?" అన్నాడు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. మా వారు తలూపి ఊరుకున్నారు. డాక్‌యార్డులో అన్నేళ్లు పనిచేసిన మనిషి ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు. నాకు అదొక కోపం.

నిజానికి ఈరోజు మంచి రోజే. ఓడలో పనిచేసే మా చిన్నవాడు ఫోన్ చేశాడు. సింగపూర్ దాటారట, గొంతు హుషారుగా ఉంది.

అయినా ఆ "అయిపోయింది" అన్న మాటే చెవిలో తిరుగుతోంది. మాక్ ఎంతో చెప్పేస్తే ఇక మాట్లాడటానికి ఏమీ మిగలనట్టు! 1982లో బ్రిటన్, అర్జెంటీనాల యుద్ధంలో ఫాక్లాండ్స్ దీవుల దగ్గర బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను దెబ్బతీసిన ఎగ్జోసెట్ క్షిపణి ధ్వని కన్నా నెమ్మదిగా పోయేదే. ఇరవై మంది చనిపోయారు. 2022 ఏప్రిల్‌లో నల్లసముద్రంలో రష్యా యుద్ధనౌక మాస్క్వాను ముంచిన ఉక్రెయిన్ నెప్ట్యూన్ క్షిపణులూ ధ్వని కన్నా నెమ్మదైనవే. షెఫీల్డ్ ఎక్కడుందో ముందుగా కనిపెట్టింది అర్జెంటీనా గస్తీ విమానం. ఆ తరువాతే క్షిపణులు మోసే విమానాలు బయలుదేరాయి. అసలు కష్టం వెతకడంలోనే ఉంది. సెకనుకు 2 కిలోమీటర్ల చొప్పున దూసుకుపోయినా 1500 కిలోమీటర్లకు 12 నిమిషాల పైనే పడుతుంది. గంటకు 55 కిలోమీటర్లు పోయే యుద్ధనౌక ఆలోగా 11 కిలోమీటర్లు ఎటైనా జరిగిపోవచ్చు. పైగా అంత వేగంలో క్షిపణి చుట్టూ గాలి కాగిపోతుంది, దాని రాడార్‌కు ఎదురుగా ఉన్నది కనబడటమే కష్టమవుతుంది. సముద్రమట్టానికి దిగేకొద్దీ గాలి చిక్కబడి వేగమూ తగ్గుతుంది. వీడియోలో ఇవేవీ ఉండవు.

2024 జనవరి 26 రాత్రి గుర్తొచ్చింది. చిన్నవాడి ఓడ అప్పుడు ఏడెన్ సింధుశాఖలో ఉంది. పొద్దున టీవీలో ఢిల్లీ పరేడ్ చూశాం, రాత్రికి అదే టీవీలో మండుతున్న చమురు ఓడ. నాఫ్తా అనే మండే నూనె మోసుకెళ్తున్న మార్లిన్ లువాండా అనే ఆ ఓడపై యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు క్షిపణి వేశారు. సిబ్బందిలో 22 మంది మనవాళ్లు, ఒకరు బంగ్లాదేశీయుడు. ఓడ పేరు టీవీ కింది వరుసలో కనబడే లోపు నాకు ఊపిరి ఆడలేదు. మావాడి ఓడ కాదని తెలిశాక కూడా కాళ్లు వణికాయి. ఆ 22 మందికీ అమ్మలు ఉంటారు కదా. సాయానికి వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం, మా ఊరి పేరున్న నౌక. మన నావికులు పది మంది మంటలార్పే సామాగ్రితో ఆ ఓడ ఎక్కి, అక్కడి సిబ్బందితో కలిసి గంటల తరబడి నిప్పుతో పోరాడి అదుపు చేశారు. ఆ రాత్రి మా వారు మంచినీళ్లు కూడా ముట్టకుండా టీవీ ముందే కూర్చున్నారు. నౌకాదళాల పని అయిపోయి ఉంటే ఆ ఓడ ఎక్కేది ఎవరు? మరిదికి ఆ ప్రశ్న అప్పుడే వేయాల్సింది.

ఇక్కడిదాకా రాశాక నా వాదన నాకే కాస్త పలచగా కనబడుతోంది. ఆ నెలల్లోనే అమెరికా వైస్ అడ్మిరల్ బ్రాడ్ కూపర్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు: హూతీల బాలిస్టిక్ క్షిపణి, అంటే పైకి ఎగసి విసిరిన రాయిలా కిందికి పడేది, వస్తుంటే కెప్టెన్ నిర్ణయం తీసుకోవడానికి 9 నుంచి 15 సెకన్లే ఉంటాయని. ఆ క్షిపణుల దారిని చాలావరకు ముందే లెక్కగట్టవచ్చు. మధ్యలో మలుపులు తిరిగే హైపర్‌సోనిక్ వచ్చి పడితే ఆ సెకన్లలో లెక్కే కుదరదు. ఒకటి రెండింటిని కూల్చినా, వరసగా వస్తూ ఉంటే నౌకలోని రక్షణ క్షిపణులు అయిపోతాయి. నడిసముద్రంలో వాటిని మళ్లీ నింపుకోవడం తేలిక కాదు, రేవుకు రావాలి.

ఇంకొకటి. 2024 నవంబరు 16న మన డీఆర్‌డీఓ హైపర్‌సోనిక్ క్షిపణిని ఒడిశా తీరంలోని అబ్దుల్ కలామ్ దీవి నుంచి పరీక్షించింది. తయారైంది హైదరాబాద్ ప్రయోగశాలల్లో, 1500 కిలోమీటర్లు దాటి పోగలదు. ఆ వార్త చూసి నేనూ గర్వపడ్డాను. మనదైతే శత్రువుకు గండం, వాళ్లదైతే ఉత్త బొమ్మ అనడం న్యాయం కాదు.

ఉక్రెయిన్ మీద రష్యా వాడిన కింజాల్, జిర్కాన్ అనే హైపర్‌సోనిక్ క్షిపణులు పడింది నేలమీది లక్ష్యాలపై. భవనం పక్కకు జరగదు. 2023 మేలో కీవ్ దగ్గర ఒక కింజాల్‌ను అమెరికా తయారీ పేట్రియాట్ రక్షణ వ్యవస్థ కూల్చింది కూడా. చైనా సంగతి వేరు. పసిఫిక్‌లో నౌకలను వెతకడానికి దానికి యావోగన్ ఉపగ్రహాలు ఉన్నాయి, కొట్టడానికి డీఎఫ్-26 బాలిస్టిక్ క్షిపణి ఉంది. అక్కడ అమెరికా నౌకలకు నిజమైన ప్రమాదమే ఉంది. ఆ ఉపగ్రహాల చూపు హిందూ మహాసముద్రం మీద ఎంత నిలకడగా నిలిస్తే మన నౌకలకూ అంత ప్రమాదం. మరిది ఈ మాట అని ఉంటే ఒప్పుకునేదాన్ని. మనుషులున్న నౌక విరిగిపోతుంటే చూసి పొంగిపోవడాన్ని మాత్రం ఒప్పుకోను.