ఐస్ ఫిషింగ్‌కు పవర్ ఆగర్: కన్నం ఎంత, ఐస్ ఎంత, మోసేదెవరు

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి ఐస్‌కు కన్నం వేసే మోటారు బర్మాయే పవర్ ఆగర్. దాన్ని కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది మోటారు సంగతి. పెట్రోలా, బ్యాటరీనా, ఎన్ని వోల్టులు, ఎన్ని సీసీ? నిజానికి ఆ ప్రశ్న చివర్లో రావాలి. ఏ చేప కోసం, ఏ నెలలో, రోజుకు ఎన్ని కన్నాలు, అక్కడిదాకా నడిచి వెళ్తారా లేక స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఉందా అన్నవి ముందు తేలితే మోటారు దానంతటదే తేలిపోతుంది. ఇక్కడి అంకెలన్నీ అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సులకు సరిపడేవి. ఇంకా ఉత్తరాన, కెనడాలోని మానిటోబా వైపు ఉన్నవాళ్లు ఐస్ మందం దగ్గర కాస్త పైకి జరుపుకోవాలి.

కన్నం వెడల్పు

ఎక్కువగా దొరికేవి 6, 8, 10 అంగుళాల సైజులు. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ లాంటి చిన్న చేపలు 6 అంగుళాల కన్నంలోంచి హాయిగా వచ్చేస్తాయి. మామూలు సైజు వాలై కూడా వస్తుంది. ఏది పడ్డా ఇబ్బంది లేకుండా ఉండాలంటే 8. పెద్ద పైక్ కోసమో లేక్ ట్రౌట్ కోసమో పనిగట్టుకుని వెళ్లేవాళ్లకే 10. గాలం వేసే కన్నం 12 అంగుళాలు దాటకూడదని విస్కాన్సిన్‌లో నిబంధన ఉంది, వీటిలో దేనితోనూ అక్కడ చిక్కు రాదు.

రెండంగుళాలేగా అనిపిస్తుంది. కానీ తవ్వి తీయాల్సిన ఐస్ వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరు వర్గం 36, ఎనిమిది వర్గం 64, పది వర్గం 100. అంటే 6 నుంచి 8కి వెళ్తే పని దాదాపు 78 శాతం పెరిగింది. 8 నుంచి 10కి వెళ్తే దాని మీద ఇంకో 56 శాతం. మోటారు మీద పడే టార్కూ (తిప్పే బలం), బ్యాటరీ ఖాళీ అయ్యే వేగమూ ఇంచుమించు ఇదే లెక్క. ఎందుకైనా మంచిదని పది కొనడం తెలివైన పని కాదు. ఆ బరువు ప్రతిసారీ మోయాలి, అంత కన్నం అవసరమయ్యే చేప ఎప్పుడో గానీ పడదు.

ఆరుతో ఉన్న అసలు ఇబ్బంది, నీళ్లలో చేపను చూపించే సోనార్. దాని ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి దించే భాగం) కన్నంలోనే వేలాడుతుంటే, చేప పైకొచ్చే వేళకు దారం దానికి చుట్టుకుంటుంది. లైవ్‌స్కోప్‌లాగా కర్రకు బిగించి దించే రకానికైతే ఆరు మరీ ఇరుకు. అది వాడేవాళ్లు ఎనిమిదికి తగ్గవద్దు.

ఐస్ మందం, ఆగర్ పొడవు

కొత్తగా గట్టిపడిన, తేటగా కనిపించే ఐస్ మీద నడవాలంటే కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెబుతుంది. స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10. తెల్లగా, పాలలా కనిపించే ఐస్ అయితే ఈ అంకెలు రెట్టింపు చేసుకోవాలి.

దీని అర్థం, సీజన్ మొదట్లో పవర్ ఆగర్ అవసరమే లేదు. 4, 5 అంగుళాల ఐస్‌కు చేతితో తిప్పే 6 అంగుళాల ఆగర్ చాలు. అప్పుడు అసలు కావాల్సింది ఉలి మొన ఉన్న ఇనప గడ్డపార, అదే స్పడ్ బార్. నడుస్తూ ముందు ఒక పోటు పొడిచి, గట్టిగా ఉంటేనే అడుగు వేయాలి. ఆగర్‌తో కన్నం వేస్తే మీరు నిలబడిన చోట మందం ఎంతో తెలుస్తుంది, తర్వాతి అడుగు కింద ఎంతుందో తెలియదు.

ఫిబ్రవరి చివరికి లెక్క మారిపోతుంది. లేక్ ఆఫ్ ది వుడ్స్, అప్పర్ రెడ్ లాంటి ఉత్తరపు సరస్సుల్లో 30 అంగుళాల ఐస్ వింతేమీ కాదు. బిట్ (ఐస్‌లోకి దిగే మర భాగం) పొడవు ఎంతని కాకుండా, ఎంత లోతుకు కోయగలదని అడగండి. బిట్ చివరిదాకా దిగాక, కన్నం చుట్టూ పోగైన స్లష్‌కు (నీళ్లూ ఐస్ పొట్టూ కలిసిన ముద్ద) మోటారు తగులుకుంటుంది కాబట్టి ఐస్ మందం కన్నా కనీసం 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. చాలకపోతే 12 అంగుళాల ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది. దాన్ని సీజన్ అంతా తగిలించి ఉంచడం మాత్రం తప్పు. పల్చటి ఐస్ మీద మొదలుపెట్టేటప్పుడు మోటారు ఛాతీ ఎత్తుకు వస్తుంది. ఆ ఎత్తులో పట్టు దొరకదు, బ్లేడు పట్టేస్తే చేతులు మెలితిరుగుతాయి.

డ్రిల్లుకు బిగించే బిట్

నడిచి వెళ్లి, రోజుకు పది ఇరవై కన్నాలు వేసేవాళ్లకు ఇదే సరైనదని నా అభిప్రాయం. మోటారు ఇంట్లో ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్లే. కె-డ్రిల్, స్ట్రైక్‌మాస్టర్ లైట్ ఫ్లైట్, ఎస్కిమో పిస్టల్ బిట్ ఈ కోవలోవి. పెట్రోల్ ఆగర్ బరువులో సగం కూడా ఉండదు. కానీ ఇంట్లో ఉన్న ఏ డ్రిల్లయినా పనికొస్తుందనుకోకండి.

బ్రష్‌లెస్ మోటారు, అరంగుళం చక్ (బిట్‌ను పట్టే దవడ), 18 వోల్టులు ఉండాలి. టార్క్ 6 అంగుళాల బిట్‌కు 700 అంగుళం-పౌండ్లు దాటాలి, 8కి వెయ్యి దాటితే నిశ్చింత. మిల్వాకీ ఎం18 ఫ్యూయెల్ హ్యామర్ డ్రిల్లు పాత మోడల్ 1200, తర్వాతిది 1400 ఇస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ అసలు వాడకూడదు. డ్రిల్లును ఒకటో గేరులో పెట్టి, క్లచ్ రింగును డ్రిల్ గుర్తు దగ్గరకు తిప్పాలి. సుత్తి గుర్తు మీద ఉంటే చక్‌కూ బిట్‌కూ దెబ్బ.

పక్క హ్యాండిల్ లేకుండా మొదలుపెట్టొద్దు. 1400 అంగుళం-పౌండ్లంటే సుమారు 158 న్యూటన్ మీటర్లు. బ్లేడు ఐస్‌లో ఇరుక్కుని ఆగిపోతే ఆ బలమంతా డ్రిల్లును తిప్పుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలో హ్యాండిల్ పట్టుకున్న చేతి మీద అది 50 కిలోలకు పైగా తోపు. హ్యాండిల్ లేకపోతే అదంతా మణికట్టుకే. రెండు చేతులతో పట్టుకునే చట్రంలో డ్రిల్లును బిగించే కన్వర్షన్ ప్లేట్లు కూడా ఉన్నాయి. 8 అంగుళాల బిట్ వాడేవాళ్లకు అది డబ్బు దండగ కాదు.

బ్యాటరీ 5 ఆంపియర్-అవర్లకు తగ్గకూడదు. కారణం ఎక్కువసేపు నడవడం ఒక్కటే కాదు. 2 ఆంపియర్-అవర్ల 18 వోల్టు బ్యాటరీలో ఐదు సెల్స్ ఒకే వరుసలో ఉంటాయి, ఐదుదాంట్లో సాధారణంగా పది సెల్స్ రెండు వరుసల్లో. కోత బరువైనప్పుడు లాగే కరెంటును రెండు వరుసలు పంచుకుంటాయి. ఒకే వరుస అయితే వోల్టేజి పడిపోయి, రక్షణ సర్క్యూట్ కట్ చేస్తుంది. ఛార్జి నిండుగా చూపిస్తూనే డ్రిల్లు ఆగిపోతుందన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే మూలం.

చక్ వదులైతే బిట్ సరస్సు అడుగుకు పోతుంది, ముఖ్యంగా రివర్స్‌లో తిప్పినప్పుడు. బిట్ కన్నా వెడల్పైన ప్లాస్టిక్ పళ్లెం ఒకటి షాఫ్టుకు తొడిగితే కన్నం అంచున ఆగుతుంది. కొన్ని బిట్‌లు నీళ్లలో తేలేలా చేస్తారు. మీరు కొనేది ఆ రకం కాకపోతే పళ్లెం తప్పనిసరి. ఇక 10 అంగుళాల బిట్‌ను డ్రిల్లుకు బిగించే ఆలోచన వదిలేయండి.

ప్రత్యేక ఎలక్ట్రిక్ ఆగర్లు

స్ట్రైక్‌మాస్టర్, ఎస్కిమో, అయాన్ వంటివాళ్ల 40 వోల్టుల తరగతి యంత్రాలు ఇవి. రెండు హ్యాండిళ్లు, పెద్ద గేరు, చాలావాటికి స్లష్‌ను కిందికి నెట్టే రివర్స్. 8 లేదా 10 అంగుళాలు, 20 అంగుళాలు దాటిన ఐస్, స్లెడ్ మీద సామాను లాక్కెళ్లే సౌకర్యం ఉంటే ఇవే. పెట్టె మీద వేసే కన్నాల సంఖ్యను నమ్మే ముందు అది ఎన్ని అంగుళాల కన్నానికి, ఎంత ఐస్‌కు చెప్పారో చూడండి. మొత్తం కోత అంగుళాల్లోకి మార్చుకుంటేనే పోలిక కుదురుతుంది. 20 కన్నాలు, 15 అంగుళాల ఐస్ అంటే 300 అంగుళాలు. చలిలో కొంత పోతుందనుకుని దానికి రెట్టింపు చెప్పే బ్యాటరీ తీసుకోండి.

చలికి లిథియం బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది, వెచ్చబడితే మళ్లీ వస్తుంది. నిజంగా పాడుచేసేది సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయడం. లోపల లిథియం లోహంగా పేరుకుని సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. మంచి ఛార్జర్లు చల్లటి బ్యాటరీని తీసుకోవు కూడా. ఇంటికొచ్చాక గది వేడికి వచ్చేదాకా ఆగి అప్పుడు పెట్టండి. సరస్సు మీద వాడనప్పుడు కూలర్ పెట్టెలోనో కోటు లోపలో ఉంచండి.

పెట్రోలు, ప్రొపేన్

గైడ్‌గా పనిచేసేవాళ్లకు, రోజుకు వంద కన్నాలు వేసేవాళ్లకు, కరెంటు లేని క్యాబిన్లో వారం ఉండేవాళ్లకు ఇవి ఇప్పటికీ అర్థవంతమైనవే. మిగతావాళ్లకు వద్దంటాను. 25, 30 పౌండ్లు మోయాలి, వాసన కారంతా పడుతుంది, ఏడాదిలో తొమ్మిది నెలలు మూలన ఉండి కార్బ్యురేటర్ జిగటపడుతుంది. తప్పదనుకుంటే ఇథనాల్ లేని పెట్రోలు వాడండి. మిన్నెసోటా బంకుల్లో నాన్-ఆక్సీ ప్రీమియం పేరుతో దొరుకుతుంది. టూ-స్ట్రోక్ ఇంజన్లో నూనె నిష్పత్తి యంత్రం మీద రాసిందే. 50:1 అయితే గ్యాలనుకు 2.6 ఔన్సులు, 40:1 అయితే 3.2. ఫోర్-స్ట్రోక్‌ను కంపెనీ చెప్పిన వైపుకే పడుకోబెట్టాలి, లేకపోతే క్రాంక్ నూనె సిలిండర్లోకీ ఎయిర్ ఫిల్టర్లోకీ చేరుతుంది. ప్రొపేన్‌కు కార్బ్యురేటర్ జిగట బాధ లేదు. కానీ తీవ్రమైన చలిలో సిలిండర్ ఒత్తిడి బాగా పడిపోతుంది, కాబట్టి తెల్లవారుజామున మొండికేస్తే సిలిండర్‌ను కాసేపు కోటులో పెట్టుకోవాలి.

రెండిటినీ టెంట్ లోపల నడపకూడదు. తలుపు తెరిచి ఉంచానన్నది సమాధానం కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బ్లేడ్లు

మోటారు మీద పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే చాలు. బ్లేడ్లు ప్రధానంగా రెండు రకాలు. షేవర్ పల్చగా, వాడిగా ఉండి ఐస్‌ను పొరలుగా గీకుతుంది. వేగం, నునుపు రెండూ దానివే. కానీ నిన్నటి కన్నం సగం గడ్డకట్టి ఉంటే దాన్ని తెరవడానికి పనికిరాదు. సమంగా లేని అంచు మీద ఎగిరి, పట్టేసి, ఒక్కోసారి విరుగుతుంది. చిప్పర్ రకం పళ్లతో చిదిపి తీస్తుంది. కాస్త గరుకుగా, కుదుపుతో కోస్తుంది గానీ పాత కన్నాలు తెరుస్తుంది. వీల్‌హౌస్ (చక్రాల మీద ఉండే ఐస్ ఫిషింగ్ గది) ఒకేచోట పెట్టుకుని రోజూ అవే కన్నాల్లో వేసేవాళ్లకు చిప్పర్, చేప కోసం చోటు మార్చుకుంటూ తిరిగేవాళ్లకు షేవర్.

షేవర్‌కు శత్రువు ఇసుక. కార్ల చక్రాల సందుల్లోంచి రోడ్డు ఇసుక, సరస్సు మీదికి దిగే ర్యాంపుల దగ్గర ఐస్ మీద రాలుతుంది, అక్కడ కన్నం వేయొద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు లోతు లేకపోతే ఐస్ దాటిన బిట్ నేరుగా అడుగు ఇసుకలో దిగుతుంది. ఒక్కసారి తగిలినా ఆ జత అయిపోయినట్టే.

మొద్దుబారిందో లేదో పైకొచ్చే పొట్టు చెబుతుంది. పలుకులుగా వస్తే బాగున్నట్టు. పిండిలా వస్తూ, మీరు బరువు మోపితే గానీ దిగకపోతే మార్చాలి. అయితే మార్చే ముందు బ్లేడు వెనక చూడండి. మొదటి కన్నం చక్కగా పడి, పావుగంట తర్వాత రెండోది అసలు పట్టకపోతే, తడి బ్లేడు వెనక ఐస్ పేరుకుని అంచును ఎత్తిపట్టింది. ఐస్ మీద కొట్టి వదిలించుకోవాలని చూస్తే బ్లేడు కోణం వంగిపోతుంది. పాత కన్నం నీళ్లలో కాసేపు ముంచితే కరిగిపోతుంది. ప్రతి కన్నం తర్వాత బిట్‌ను గాలిలోనే రెండు తిప్పులు తిప్పి నీళ్లు విదిలిస్తే ఈ తలనొప్పే ఉండదు. మార్చేటప్పుడు రెండు బ్లేడ్లూ ఒకేసారి, అదే మోడల్‌వి మార్చండి. కొత్తదీ పాతదీ కలిపితే ఒకటే కోస్తుంది, బిట్ ఊగుతుంది.

కోసేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, షాఫ్టు నిలువుగా ఉంచి, బరువు మోపకుండా వదలాలి. వాడి బ్లేడు తనంతట తానే దిగుతుంది. ఎక్కువగా ఇరుక్కునేది చివరి అంగుళంలో. అడుగున మిగిలిన పల్చటి పొర ఒక పక్క తెగి, రెండో పక్క బ్లేడుకు అడ్డం పడుతుంది. నీళ్లు కనబడబోతున్నాయనగా ఆగర్‌ను కొంచెం పైకి పట్టి, వేగం తగ్గించకుండా దాటించాలి. తర్వాత తిరుగుతుండగానే నేరుగా పైకి లాగితే స్లష్ దానితోపాటే వస్తుంది.

పాతది కొనేటప్పుడు

మార్చిలో సీజన్ ముగిశాక సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ ఆగర్లు చవగ్గా కుప్పలుగా అమ్మకానికి వస్తాయి. వెళ్లగానే మఫ్లర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి సిద్ధం చేశారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుందో లేదో తెలిసే దారి లేదు. తాడు లాగుతుంటే చేతికి గట్టిగా ఎదురు తగలకపోతే కంప్రెషన్ పోయింది. నేల మీద ఫ్లయిటింగ్‌ను (షాఫ్టు చుట్టూ ఉండే మర) దొర్లిస్తే షాఫ్టు వంకర ఉందో లేదో కనిపిస్తుంది. ఇవన్నీ బాగున్నా, ఆ మోడల్‌కు బ్లేడ్లు ఇంకా దొరుకుతున్నాయో లేదో ఫోన్‌లో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.