తాబేళ్ళ ఆదివారం

ఆదివారం రాత్రి. పదకొండు కావస్తోంది, అందరూ పడుకున్నారు. బాత్రూంలో ఎన్ని నీళ్ళు కొట్టినా ఇసుక పోవట్లేదు, రేపు చూసుకోవచ్చులే అని వదిలేసి ఇది రాయడానికి కూర్చున్నా.

పండక్కి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళంలో మా ఇంటికి వదిన, బావగారు, పిల్లలు వచ్చారు కదా. భోగి మంట దగ్గర మొదలెట్టిన పాట, బీచ్ ఎప్పుడు, బీచ్ ఎప్పుడు అని. కనుమ నాడు ప్రయాణాలు వద్దని అత్తమ్మ ఆపేశారు, ఇవాళ్టికి కుదిరింది. మా ఆయన ఎప్పటిలాగే వైజాగ్ అన్నారు. ఆర్కే బీచ్ బాగుండదని కాదు, అక్కడి కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూస్తే పిల్లలకి నెల రోజులపాటు కబుర్లే. కానీ పండగ సెలవుల ఆఖరి ఆదివారం హైవే మీద వంద కిలోమీటర్లకి పైగా పోయి, క్యూలో నిలబడి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలంటే నాకు ముందే నీరసం వచ్చింది. మన జిల్లాకే అంత పొడుగు తీరం ఉంటే అంత దూరం ఎందుకు అన్నాను. అత్తమ్మ నా వైపు మాట్లాడారు. అరుదుగా జరిగే విషయం, అందుకే రాసి పెడుతున్నా.

పిల్లలతో సముద్రానికి వెళ్ళే వాళ్ళందరూ నీళ్ళ గురించే ఆలోచిస్తారు. నాకైతే అసలు టెన్షన్ మధ్యాహ్నం గురించే. నీళ్ళలో పిల్లలు ఎంతసేపు ఉంటారు, మహా అయితే గంటన్నర. జనవరే అయినా మిట్టమధ్యాహ్నం మన ఇసుక మీద నిలబడలేం, ఒడ్డున నీడా ఉండదు. అందుకని సముద్రాన్ని చివరికి పెట్టుకుని, దారిలో పిల్లలు బోర్ అనకుండా ఉండే చోట్లు చూసుకోవాలి. అరసవల్లి ఊరి పక్కనే కదా అని వదిన అంది గానీ, ఆదివారం సూర్యనారాయణమూర్తి దగ్గరికి చంటి పిల్లల్ని తీసుకెళ్ళడం నా వల్ల కాదు. రథసప్తమి కూడా దగ్గర పడింది, ఆ లైన్లు ఎలా ఉంటాయో ఊళ్ళో వాళ్ళకి తెలుసు. ఏ మంగళవారమో వెళ్తే హాయిగా చూడొచ్చు.

పొద్దున్నే ఇడ్లీలు తినేసి, పులిహోర డబ్బాలో సర్దుకుని శ్రీకూర్మం వెళ్ళిపోయాం. ఊరి నుంచి 15 కిలోమీటర్ల లోపే. ఇక్కడ దేవుడే తాబేలు, గుళ్ళో తాబేళ్ళూ ఉంటాయి, ఇక పిల్లలకి వేరే ఆటబొమ్మలు ఎందుకు. చిన్నోడు (వదిన కొడుకు, ఐదేళ్ళు) లోపలికి అడుగు పెట్టగానే చెప్పులు ఎక్కడ విడిచాడో కూడా మర్చిపోయి వాటి దగ్గరికి పరిగెత్తాడు. ఆకుకూర ఇస్తే ఒకటి మెల్లగా వచ్చింది. మెడ చాచి, కాసేపు ఆలోచించి, ఆకు అంచు పట్టుకుని తల ఒక్క గుంజు వెనక్కి లాగింది. ఆకు చిరగలేదు. ముందు కాలు ఆకు మీద వేసి తొక్కిపట్టి, మళ్ళీ గుంజింది, ఈసారి ముక్క వచ్చింది. వీడు నేల మీద బోర్లా పడుకుని చూస్తున్నాడు. దాని వీపు మీద నల్లటి గడులు, ఒక్కో గడి మధ్య నుంచి పసుపు గీతలు నక్షత్రంలా విచ్చుకుని ఉన్నాయి. అందుకే వీటిని నక్షత్ర తాబేళ్ళు అంటారు. ఇంటికి ఒకటి తీసుకెళ్దాం అత్తా అన్నాడు. వన్యప్రాణి చట్టం ఉందిరా, పోలీసులు పట్టుకుంటారు అంటే, తాబేలుని పట్టుకుంటారా నన్నా అని అడిగాడు.

తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి తాబేళ్ళు ఆనలేదు, గోడల మీద బొమ్మలు మాత్రం నచ్చాయి. ప్రదక్షిణ మంటపంలో ఉంటాయి, రంగులు చాలాచోట్ల వెలిసిపోయినా ముఖాలు తెలుస్తాయి. ఫోన్ జేబులో పెట్టేసి ఒక్కో బొమ్మ దగ్గరా ఆగింది, అదే పెద్ద విశేషం. రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయని అడిగితే, ఇక్కడ మూలవిరాట్టు పడమర ముఖంగా ఉంటాడు, అందుకని తూర్పునొకటి పడమరనొకటి అని అత్తమ్మ చెప్పారు. మెట్లు ఎక్కే గుడి కాదు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ కూడా మాతో సమానంగా తిరిగారు. ఇలాంటివి కూడా చూసుకోవాలి, ఫ్యామిలీ అంటే పిల్లలొక్కరే కాదు కదా.

తర్వాత శాలిహుండం. ఇక్కడ కాస్త గొడవైంది. రాళ్ళగుట్టకి ఏటి చూస్తాంరా అని బావగారు కారు దిగనే లేదు, అత్తమ్మతో పాటు కింద చెట్టు నీడన ఉండిపోయారు. మేం మాత్రం ఎక్కాం. కొండ పెద్దదేం కాదు, పిల్లలు పోటీ పడి ఎక్కేశారు, నేనే రెండుసార్లు ఆగాను. పైన గుండ్రటి ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు, వందల ఏళ్ళు బౌద్ధులు ఉన్న చోటు. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు అని చెప్పగానే మా పాప బుజ్జి, మా స్కూల్లో తెలుగు దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజుకే కదా అంది. అవును, ఆగస్టు 29. సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన మనిషి, రాళ్ళని కూడా వదల్లేదన్నమాట. పుట్టింది కూడా మన జిల్లాలోనే, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. పిల్లలకి ఇంతకంటే ఎక్కువ చెప్తే వినరు, నేనూ ఆపేశా. పైనుంచి వంశధార కనిపిస్తుంది, ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా సముద్రం వైపు పోతూ. ఇప్పుడు మనం ఆ ఏరు ఎటు పోతోందో అటే పోతాం అంటే అప్పుడు హుషారొచ్చింది అందరికీ. దిగేటప్పుడు అమ్ముతున్న తేగలు కొన్నాం. వదిన పిల్లలు తేగ ఎప్పుడూ చూడలేదట! చీల్చి చందమామ తీసి పెడితే చిన్నోడు నమిలి ఊసేశాడు, పెద్దది మాత్రం మూడు తినేసింది.

కళింగపట్నం చేరేసరికి ఎండ వాలింది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు లైట్‌హౌసూ, పడవలూ, ఆదివారం జనం. పిల్లలు బట్టలతోనే నీళ్ళలోకి. ఒక్క మాట మాత్రం ముందే గట్టిగా చెప్పాను, మోకాలి లోతు దాటకూడదని, ఏరు కలిసే వైపు అసలు వెళ్ళకూడదని. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన కూడా అదే అన్నాడు, "మొగ కాడికి పిల్లల్ని పోనీకండమ్మా, నీళ్ళు తక్కువున్నట్టే ఉంటాయి, ఇసక కింద నుంచి జారిపోద్ది" అని. ఏటి నీళ్ళూ సముద్రపు పోటూ కొట్టుకునే చోట అడుగున ఇసుక ఎప్పుడూ ఒకేలా ఉండదు, నిన్న మెరక ఉన్నచోట ఇవాళ గుంట. మా ఆయన, బావగారు ఇద్దరూ నీళ్ళలోనే అటూ ఇటూ నిలబడ్డారు. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు అని ఇద్దరి ఫోన్లూ నేనే లాక్కున్నా. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం కటువుగానే ఉంటాను.

నీళ్ళు విసుగొచ్చాక ఎర్ర పీతల వెంట పడ్డారు. వాటిని పట్టుకోవడం ఎవరి తరం కాదు, కన్నంలోకి దూరడం చూసి తవ్వితే అది వేరే దారిన పోయి ఉంటుంది. అలా పరిగెడుతూనే పోయి, కొంచెం దూరంలో చచ్చిన తాబేలు దగ్గర ఆగారు.

పెద్దది, చిన్నోడు చేతులు చాపితే ఎంతో అంత ఉంది. ఆలివ్ రిడ్లే. వదిన పిల్లల్ని వెనక్కి లాగబోయింది గానీ నేను చూడనిమ్మన్నాను. కాళ్ళు లేవు దీనికి అన్నాడు చిన్నోడు. పొద్దున గుళ్ళో చూసినదానికి ఏనుగు కాళ్ళు, దీనికి తెడ్లు. ఆ తాబేలు భయమేస్తే తల లోపలికి ముడుచుకుంటుంది, దీనికి ఆ వీలు లేదు, తల బయటే. ఎవరు చంపారు అని అడిగాడు. ఏం చెప్పాలి? దీనికి ఊపిరితిత్తులు ఉంటాయిరా, మనలాగే గాలి కోసం పైకి రావాలి, మరబోట్ల వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చాలా తాబేళ్ళు చనిపోతాయి, దీనికీ అలాగే అయిందేమో అన్నాను. వలకి తాబేలు బయటపడే తలుపులాంటిది పెట్టుకోవచ్చు, అలాంటివి ఉన్నాయి, అందరూ పెట్టరు. పెద్దది అప్పుడే ఫోన్లో వెతికి చదివి వినిపించడం మొదలెట్టింది, ఈ నెలల్లోనే రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి వందకి అటూ ఇటూ గుడ్లు పెడతాయని, యాభై రోజులు దాటాక పిల్లలు వస్తాయని, ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడవే పుడతాయని. ఆ చివరి ముక్క నాకూ కొత్తే. మన తీరంలో అటవీ శాఖ వాళ్ళు గుడ్లని ఏరి కంచె లోపల పొదిగించి, మార్చి ప్రాంతంలో పిల్లల్ని సముద్రంలో వదులుతారు. పిల్లలకి చూపించాలంటే అంతకంటే మంచిది ఇంకోటి లేదు. మార్చిలో పరీక్షలు కదా అని వదిన అంటే, పెద్దది పరీక్షలు ఏటా ఉంటాయిలే అమ్మా అంది. తాబేళ్ళూ ఏటా వస్తాయిలే అంది వదిన. అక్కడితో అది ఆగింది.

చీకటి పడకముందే ముంత మసాలా కొనిపెట్టి అందర్నీ కారెక్కించాం. ఒడ్డున లైట్లు సరిగా లేవు, బట్టలు మార్చుకునే గది ఉంది గానీ తాళం వేసి ఉంది, ఆడవాళ్ళం చీర అడ్డం పట్టుకుని సర్దుకున్నాం. ఇంత మంచి తీరం పెట్టుకుని ఆ ఒక్కటీ ఎందుకు చెయ్యరో.

రేపు ఉండి మంగళవారం బండెక్కుతారు. రేపటికి తేలినీలాపురం అన్నాను నేను, టెక్కలి దాటితే వచ్చేస్తుంది, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెట్టి ఉంటాయి, మార్చి దాకా చూడొచ్చు. ఆ పిట్టలొస్తే ఊరికి మంచిదని జనం వాటి జోలికి పోరు. అక్కణ్ణుంచి భావనపాడు బీచ్ కూడా దగ్గరే. బావగారు ఇంకా సబ్‌మెరైన్ దగ్గరే ఉన్నారు. పిల్లల్ని ఓటేయమంటే ఇద్దరు పిట్టలకి, ఒకడు సబ్‌మెరైన్‌కి. ఆ ఒకడు చిన్నోడే, సబ్‌మెరైన్ కిటికీలోంచి బతికున్న తాబేలు కనిపిస్తుందని వాళ్ళ నాన్న చెప్పాడట.