పుల్లీ గీస్తూ నేర్చుకున్న క్యాడ్

పర్లాకిమిడిలో మా మావయ్యకి చిన్న లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మెషిన్) షాపు ఉంది. ఊళ్లో ఒడియా వాళ్లూ వస్తారు, బోర్డర్ అవతల పాతపట్నం నుంచి మనవాళ్లూ వస్తారు, రైస్ మిల్లుల వాళ్లు, పిండి మరల వాళ్లే ఎక్కువ. విరిగిన పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) గోనెసంచిలో తెచ్చి బల్ల మీద పెట్టి అచ్చం ఇలాంటిదే ఇంకోటి కావాలి అంటారు. మావయ్య వెర్నియర్ పెట్టి కొలిచి సుద్దముక్కతో నేల మీదే గీసేస్తాడు, ఆయన లెక్క ఇంకా సూతుల్లోనే ఉంటుంది (అంగుళంలో 8వ వంతు, మూడు మిల్లీమీటర్ల పైన కొంచెం). సాయంత్రానికి ఊడ్చేస్తే ఆ బొమ్మ పోతుంది, ఆర్నెల్లకి అదే మిల్లు వాళ్లు మళ్లీ వస్తే మళ్లీ మొదట్నుంచి కొలవడమే. అందుకే నా పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీక్యాడ్ అనే క్యాడ్ (కొలతలతో బొమ్మలు గీసే) సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, డబ్బు కట్టక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు.

మొదలెట్టేవాళ్లు చాలామంది చేసేది ఏంటంటే టూల్‌బార్‌లో ఉన్న ఐకాన్లన్నీ ఒక్కోటీ నొక్కి చూడ్డం. నేనూ వారం అలాగే చేశాను. షాపు పనికి నిజంగా కావల్సినవి ఐదారే. స్కెచ్ గీయడం, దాన్ని మందంగా లేపే ప్యాడ్ (వేరే సాఫ్ట్‌వేర్లలో దీన్నే ఎక్స్‌ట్రూడ్ అంటారు), తొలిచేసే పాకెట్, గుండ్రంగా తిప్పే రివల్యూషన్, మూలలు నున్నగా చేసే ఫిల్లెట్, ఒకే కన్నాన్ని చుట్టూ వేసే పోలార్ ప్యాటర్న్. వీటిల్లో లేత్ తెలిసినవాళ్లకి ముందు అర్థమయ్యేది రివల్యూషనే, ఎందుకంటే లేత్ మీద ముక్క తిరుగుతుంటే టూలు ఏ దారిలో కదుల్తుందో ఆ దారే మనం గీసే స్కెచ్. పుల్లీని నిలువునా కోస్తే కనపడే దాంట్లో పైసగం మాత్రం గీసి మధ్య గీత చుట్టూ 360 డిగ్రీలు తిప్పితే పుల్లీ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. మనకి అలవాటు డయామీటర్, బోర్ (షాఫ్ట్ దూరే మధ్య కన్నం) 25 మిల్లీమీటర్లు అంటే 25 అని కొట్టేస్తాం, కానీ సగం బొమ్మలో మధ్య గీత నుంచి దూరం అంటే అది రేడియస్, తిప్పాక చూస్తే బోర్ 50 అయి కూర్చుంటుంది. కొలత పెట్టే డబ్బాలో 25/2 అని కొట్టండి, లెక్క అదే కట్టుకుంటుంది. ఇప్పుడు బయట సైజు కూడా 150/2 అనే పెడతాను.

అసలు చెప్పాలనుకున్నది కన్‌స్ట్రెయింట్ల గురించి. గీత గీస్తే సరిపోదు, అది అడ్డమా నిలువా, ఎంత పొడవు, మధ్య నుంచి ఎంత దూరం అన్నీ చెప్పి కట్టేయాలి, లేకపోతే అది అక్కడ ఊరికే నిలబడి ఉన్నట్టే. ఇంకా ఎన్ని రకాలుగా కదలగలదో ఫ్రీక్యాడే చూపిస్తుంది, అన్నీ బిగిస్తే గీతలు ఆకుపచ్చకి మారతాయి. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1963లోనే ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో తెర మీద లైట్ పెన్‌తో గీసి, ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి అని చెబితే అది సరిచేసేది.

నేను దీన్ని ఒకసారి పట్టించుకోలేదు. బి సెక్షన్ (వి ఆకారం బెల్టుల్లో ఒక సైజు) బెల్టు పుల్లీ, బెల్టు పైవెడల్పు 17, పుల్లీ బయటి చక్రం వెడల్పు 25. బెల్టు పక్కల మధ్య కోణం 40 డిగ్రీలే గానీ 150 సైజు పుల్లీకి గాడి 34 డిగ్రీలే పెడతారు, బెల్టు వంగినప్పుడు దాని లోపలి వైపు ఉబ్బుతుంది కాబట్టి గాడి కొంచెం ఇరుకుగా ఉంటేనే పట్టు. ఇదంతా శ్రద్ధగా పెట్టాను, గాడి మధ్యకి రావాలి అన్న సిమెట్రీ ఒక్కటే పెట్టలేదు. ఇంకా ఒకటి కదులుతుంది అని ప్రోగ్రామ్ చెబుతూనే ఉంది, చూడ్డానికి మధ్యలోనే ఉంది కదా అని వదిలేశాను. తర్వాత హబ్ (షాఫ్ట్‌ని పట్టుకునే మధ్య భాగం) పొడవు 30 నుంచి 45కి మార్చినప్పుడు గాడి పక్కకి జరిగిపోయింది, నేను గమనించకుండా ప్రింట్ తీసి ఇచ్చేశాను. మావయ్య బయట టర్నింగ్ అయ్యాక గాడికి గుర్తులు పెడుతూ ఆపేశాడు. "ఏట్రా, ఒక పక్క అంచు రెండు మిల్లీలే ఉంది, ఇంకో పక్క ఆరు దాటింది, ఇదేటి?" అన్నాడు. పోత ముక్క పాడవ్వలేదు, కానీ ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను నిలబడ్డ తీరు ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి ఆకుపచ్చ అవ్వని స్కెచ్‌ని నేను తిప్పను, లేపను.

ఫిల్లెట్ మాత్రం చివరికి ఉంచండి. ముందే వేసేసి తర్వాత స్కెచ్ మారిస్తే అంచుల నంబర్లు మారిపోయి ఫిల్లెట్ వేరే మూలకి పోయేది, 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో ఈ బాధ బాగా తగ్గింది, అయినా నా అలవాటు మారలేదు. రేడియస్ పక్కనున్న ముఖం కంటే పెద్దదైతే ఎర్రర్ వస్తుంది, తగ్గించి చూడండి, చాలాసార్లు అదే కారణం.

మొన్న ఒక మిల్లు ఆయన షాఫ్ట్ మార్చాడు, 25 పోయి 28 అయింది. 25కి కీ (షాఫ్టూ పుల్లీ కలిసి తిరిగేలా మధ్యలో దూర్చే ఇనుప ముక్క) 8 బై 7, హబ్‌లో కీవే (ఆ కీ కూర్చునే గాడి) లోతు 3.3, అంటే బోర్ కింద నుంచి కీవే పై వరకు 28.3. షాఫ్ట్ 28 అయినా కీ అదే, 30 వరకు అదే నడుస్తుంది. నేను బోర్ డయామీటర్‌కి ఒక పేరు పెట్టుకుని, కీవే ఎత్తు దగ్గర ఆ పేరు ప్లస్ 3.3 అని రాసి ఉంచాను. మావయ్య పక్కన స్టూలు లాక్కుని కూర్చుని "28 చెయ్యి సూద్దాం" అన్నాడు. 28 కొట్టాను, బోర్ పెరిగింది, కీవే దానంతట అదే 31.3కి వెళ్లింది. ఆయన తెర మీద వేలు పెట్టి ఆ అంకె ఇంకోసారి చదువుకుని, "ప్రింట్ తియ్యి" అని లేచి చక్ కీ (లేత్‌లో ముక్కని బిగించే చెవి) కోసం వెతుక్కున్నాడు.