ముగింపు నుంచి మొదలుపెట్టి చెస్ నేర్చుకున్నాను

చెస్ కోర్సులు అమ్మే వేదికలో ఖాతా తెరవగానే ముందు కనిపించేవి ఓపెనింగులే, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల పాఠాలే. సిసిలియన్, కారో-కాన్, లండన్ సిస్టమ్... ఒక్కోదానికీ వందలకొద్దీ ఎత్తుల వరుసలు, పక్కనే నవ్వుతున్న గ్రాండ్‌మాస్టర్ ఫొటో, తగ్గింపు ధర ఇంకొన్ని గంటలేనన్న హెచ్చరిక. పావులు ఎలా నడుస్తాయో మాత్రమే తెలిసిన నాకు అందులో దేన్ని ఎంచుకోవాలో తేలలేదు. చివరికి చాలామంది వాయిదా వేసే ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన ముగింపు ఆట కోర్సునే తీసుకున్నాను. బోర్డు మీద 32 పావులను ఒకేసారి గమనించడం కన్నా మూడు నాలుగింటితో మొదలుపెట్టడం సులువనిపించింది, అంతే. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ చాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకా కూడా ముగింపునే ముందు నేర్చుకోవాలని చెప్పేవాడని ఆ తర్వాత తెలిసింది. అంతటి ఆటగాడితో అభిప్రాయం కలిసినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

గళ్ల పేర్లు త్వరగానే వచ్చేశాయి. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు. అసలు పాఠం రాజు, ఏనుగు కలిసి ఒంటరి రాజును కట్టేయడంతో మొదలైంది. ఏనుగు ఒక వరుసను మూసేస్తుంది, మన రాజు ఎదుటి రాజుకు సూటిగా, మధ్యలో ఒక్క గడి వదిలి నిలబడతాడు, అప్పుడు ఏనుగుతో చెక్ చెబితే అతను ఒక వరుస వెనక్కి తగ్గక తప్పదు. రాజులు సూటిగా ఎదురుపడకపోతే ఏనుగును ఊరికే ఒక గడి జరిపి వంతు అవతలివాళ్లకు ఇచ్చేయాలి. ఏమీ చేయకుండా వంతు దాటించడం కూడా ఒక ఎత్తే అవుతుందని నాకు అక్కడే తెలిసింది. సరిగ్గా ఆడితే ఎక్కడి నుంచైనా 16 ఎత్తుల్లోపు ఆట కట్టవుతుంది. నాకు మొదట్లో అంతకు రెట్టింపు పట్టేది. ఏ పావూ పోకుండా, బంటూ కదలకుండా 50 ఎత్తులు గడిస్తే అవతలివాళ్లు డ్రా కోరవచ్చు కాబట్టి తీరిగ్గా తిరగడానికీ వీల్లేదు.

నన్ను ఆటలోకి లాగింది మాత్రం ఒక బంటు పాఠం. తెల్ల రాజు డి6లో, తెల్ల బంటు ఈ6లో, నల్ల రాజు ఈ8లో. ఇంకేమీ లేవు. ఎత్తు తెల్లదైతే బంటు ఈ7కు వస్తుంది, నల్ల రాజు ఎఫ్7కు జరగక తప్పదు, తెల్ల రాజు డి7లో నిలుస్తాడు, తర్వాతి ఎత్తులో బంటు చివరి వరుసకు చేరి మంత్రి అయిపోతుంది. అదే స్థితిలో ఎత్తు నల్లదైతే రాజు డి8కు వస్తాడు. ఇప్పుడు బంటు ఈ7కు వస్తే చెక్ అవుతుంది, నల్ల రాజు తిరిగి ఈ8కు వెళ్తాడు. బంటును కాపాడుకోవాలంటే తెల్ల రాజు ఈ6కే రావాలి, వస్తే చెక్ లేకపోయినా నల్లకు కదిలే దారి ఉండదు. స్టేల్‌మేట్, డ్రా. బంటు చెక్ ఇవ్వకుండా ఏడో వరుసకు చేరితే గెలుపు, చెక్ ఇస్తూ చేరితే డ్రా అని బోధకుడు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. నేను వీడియో ఆపి పావులను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఇలాంటి కోర్సుల్లో మంచి ఏర్పాటు పునశ్చరణ. నేర్చుకున్న స్థితి కొన్ని గంటల తర్వాత మళ్లీ ఎదురవుతుంది. సరిగ్గా ఆడితే మర్నాడు, ఆపైన కొన్ని రోజులకు, అలా వ్యవధి పెరుగుతూ పోతుంది. తప్పితే మళ్లీ మొదటికి. చికాకు పెట్టేదీ ఇదే. ఏనుగును అదే వరుసలో ఎక్కడికి జరిపినా ఫలితం మారని చోట కూడా కోర్సు బోధకుడు జరిపిన గడినే ఒప్పుకుంటుంది, మిగతావన్నీ తప్పంటూ ఎర్రగా వెలుగుతుంది. ఎత్తు కన్నా బోధకుడి అలవాటు గుర్తుపెట్టుకోవాల్సి వస్తోందని విసుగెత్తి, ఆ స్థితులను లిచెస్ అనే చెస్ సైట్‌లో పేర్చుకుని కంప్యూటర్‌తో ఆడటం మొదలుపెట్టాను. అది ఉచితం, ప్రకటనలు ఉండవు. పైగా కంప్యూటర్ బోధకుడు చూపిన దారిలోనే పారిపోవాలని లేదు కదా! ఎందుకు ఆ గడిలోనే అన్నది నాకు ఇక్కడే బోధపడింది.

మనుషులతో ఆటలకు మూడు నిమిషాల గడియారం జోలికి పోలేదు. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం. ఎండ్‌గేమ్ చదువు ఆట మధ్యలో ఇంతగా అక్కరకు వస్తుందని అనుకోలేదు. ఒక ఆటలో నాకు ఒక బంటు ఎక్కువ ఉంది, ప్రత్యర్థి మంత్రి నా రాజు చుట్టూ తిరుగుతోంది. మంత్రులను మార్చుకుంటే మిగిలేది రాజులు, బంట్లు. నా రాజు తన బంటు కన్నా ముందు నిలవగలడా లేదా అన్నది ఒక్కటే లెక్క వేసుకుని మార్పిడికి దిగాను. మిగతా ఆట చేతికి అలవాటైన పనిలా సాగిపోయింది. పావుకు పావు మార్చుకోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే, మార్చుకున్నాక ఏం మిగులుతుందో తెలియకుండా జవాబు ఎలా చెప్పగలం?

ఓపెనింగ్ కోర్సు మాత్రం ఇప్పటికీ కొనలేదు. ఈ4, గుర్రం ఎఫ్3, శకటు సి4, ఆపై రాజును క్యాస్లింగ్‌తో పక్కకు చేర్చడం. ఇటాలియన్ ఆటలో ఈ కాస్తతోనే నెట్టుకొస్తున్నాను. నా స్థాయి ప్రత్యర్థులు ఎలాగూ నాలుగో ఎత్తుకే పుస్తకాల్లోని ఎత్తులు దాటిపోతారు.

ఇప్పుడు ఏనుగుల ఎండ్‌గేమ్‌లలో ఉన్నాను. ఫిలిడార్ స్థితి ఒకటి ఉంది: బంటు తక్కువున్న పక్షం తన ఏనుగును అవతలి రాజు ముందుకు రాకుండా తన వైపు నుంచి మూడో వరుసలో కాపలా ఉంచి, ఆ వరుసలోకి బంటు అడుగుపెట్టిన వెంటనే బోర్డు అవతలి చివరికి పంపి, వెనక నుంచి చెక్‌లు చెబుతూ ఆటను డ్రా చేసుకుంటుంది. పునశ్చరణలో అది ఈ వారం మళ్లీ వచ్చింది, తడబడకుండా ఆడాను. అసలు ఆటలో ఇంకా ఎదురుకాలేదు.